హాజరు పట్టిక నేర్పిన పాఠము

తెలుగు పాఠము చెప్పుకొనేవానికి కంప్యూటరుతో పనేమిటని మిత్రులు నన్ను పరిహసించడం కద్దు. వారికి సమాధానముగా నా అనుభవమొకటి ఇక్కడ విన్నవించుకొంటాను.

కొన్నేండ్ల క్రిందట నేను పనిచేసిన ఒక కళాశాలలో హాజరు లెక్కలు తీసే బాధ్యత నాపై పడింది. రిజిస్టర్లు ముందు వేసుకొని కూడికలు చేయలేక, పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రామొకటి వ్రాసుకొన్నాను. 2008లో వెలువడిన పైథాన్ మూడవ రూపము మొదలుకొని ఫంక్షన్లకు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టవచ్చును. అందుచేత ఫైలుకు ‘హాజరు’ అనీ, లోపలి ఫంక్షన్లకు ‘కొరత’, ‘సగటు’, ‘తుడుపు’ అనీ నామకరణము చేశాను. ఉర్దూ నుండి వచ్చిన మాట ప్రక్కన తెలుగు మాటలు కూర్చున్నందుకు మురిసిపోయాను కూడా.

తెరపై ‘పైథాన్3 హాజరు.పీవై కొరత 75’ అని టైపు చేస్తే చాలు, 75 శాతముకన్న తక్కువ హాజరు గలవారి పేర్లు వచ్చేవి. ఆ వరుసలో ఫైలు పేరు మొదలుకొని మాటలన్నీ ఒక జాబితాగా ప్రోగ్రామునకు అందుతాయి. సున్నా స్థానమున ఫైలు పేరు, ఒకటవ స్థానమున ఫంక్షను పేరు, రెండవ స్థానమున 75 ఉంటాయి. మన వ్యాకరణ పరిభాషలో ‘కొరత’ క్రియ వంటిది. 75 దాని కర్మ వంటిది.

పట్టిక నోటీసు బోర్డుకెక్కిన మధ్యాహ్నము మద్దికెర విద్యార్థి ఒకడు నా గది గుమ్మములో నిలబడ్డాడు. ప్రతిదినము చీకటితో లేచి గుంతకల్లు మీదుగా వచ్చేవాడు.

“సార్, నేను ఒక్క దినము గూడా తప్పలేదు సార్.”

“కంప్యూటరు తప్పు చెప్పదు నాయనా” అన్నాను.

అతడు మారు పలుకలేదు. ఆ మౌనము భరించలేక రిజిస్టరు తెరిచాను. అతని హాజరు నూటికి నూరు!

రాత్రి కూర్చుని వెదకితే తప్పు నాదేనని తేలింది. ఆజ్ఞతోపాటు టైపు చేసినదంతా ప్రోగ్రామునకు అక్షరములుగానే అందుతుంది, సంఖ్యగా కాదు. ఫైలునుండి చదివిన హాజరునూ నేను సంఖ్యగా మార్చలేదు. అక్షరములను నిఘంటువు క్రమములో పోల్చితే 100లోని మొదటి ‘1’, 75లోని ‘7’కన్న ముందుది. కనుక నూరు చిన్నదయింది! అదే లెక్కన 8 శాతము వాడు తప్పించుకొన్నాడు. రెండంకెలవారందరికీ సరిగానే రావడముచేత దోషము నా కంటబడలేదు. రెండింటినీ ‘ఇంట్’తో సంఖ్యలుగా మార్చగానే పట్టిక సరియైనది.

అప్పుడే మరొక ప్రమాదమూ కనబడింది. టైపు చేసిన పేరు గల ఫంక్షను ఏదైనా సరే నడిచేటట్లు వ్రాసుకొన్నాను. పొరపాటున ‘తుడుపు’ అని కొట్టితే ఏడాది లెక్కలు పోయేవి. ‘కొరత’, ‘సగటు’ అను రెండు పేర్లకే అనుమతినిస్తూ ఒక పట్టీ చేర్చాను. అందులో లేని పేరును ప్రోగ్రాము నిరాకరిస్తుంది.

మరునాడు పాత పట్టిక తీసివేసి, తరగతి ముందర ఆ విద్యార్థిని క్షమాపణ అడిగాను. విద్యార్థులారా! యంత్రము మనము వ్రాసినదే చేస్తుంది, మన మనసులోనిది కాదు. అందుకే నేటికీ పేర్లున్న ఏ పట్టికనైనా రిజిస్టరుతో సరిచూడనిదే గోడకెక్కించను.