ఏరొచ్చే గీత

మా అవ్వ 'వరద' అనే మాట వాడగా నేను వినలేదు. "ఏరొచ్చింది" అనేది, చుట్టాలొచ్చారు అన్నట్టు. బడి అంతా ఇంగ్లీషులో చదివిన నాకు 'వరద' అరవై దాటాక పుస్తకంలో దొరికింది. పక్కనే 'ముంపు' కూడా దొరికింది. వరద అంటే పొంగి వచ్చే నీళ్ళు. ముంపు అంటే ఆ నీళ్ళలో మునగడం. ఈసారి ఈ రెండు మాటలతో ఒక గీత కథ చెప్తాను. అందులో తప్పు నాది.

మాది డర్బన్. మా గుడి వెనక చిన్న వాగు ఉంది. చలికాలంలో పిల్లలు చెప్పులు తడవకుండా దాటేస్తారు. చాలా ఏళ్ళ కిందట ఆ వాగు పక్క ఖాళీ స్థలంలో వంటిల్లు కట్టాలని మా కమిటీ అనుకుంది. అప్పుడు నేను కార్యదర్శిని. ప్లాను మున్సిపాలిటీకి పంపితే ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. కాగితం బల్ల మీద పరిచి, మా వంటింటికి సరిగ్గా మధ్యలో ఎర్ర పెన్నుతో గీత గీశాడు.

"ఆంటీ, ఇది నూరేళ్ళ వరద గీత. దీనికి వాగు వైపు ఏమీ కట్టకూడదు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "నూరేళ్ళకి ఒకసారే కదా బాబూ! 1987లో పెద్ద వరద వచ్చింది, నేను చూశాను. ఇంక 2087 దాకా మాకు బెంగ లేదు" అన్నాను. కమిటీ అంతా నవ్వింది. అతను నవ్వలేదు.

అతను అప్పుడు చెప్పింది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నూరేళ్ళ వరద అంటే నూరేళ్ళకోసారి వచ్చి వెళ్ళిపోయేది కాదు. ఏ ఏడాదైనా రావడానికి నూటిలో ఒక వంతు అవకాశం ఉన్న వరద. నిరుడు వచ్చినా, ఈ ఏడు మళ్ళీ అదే ఒక వంతు. ఏరు లెక్క రాసుకోదు. ఒక కట్టడం 30 ఏళ్ళు నిలబడితే, ఆ 30 ఏళ్ళలో ఒక్కసారైనా నీళ్ళు దాని దాకా వచ్చే అవకాశం నాలుగో వంతు కన్నా కొంచెం ఎక్కువే. నేనేమో ఒక వంతు అంటే ఏమీ లేదనుకున్నాను.

ఆ గీత అతను సొంతంగా పెట్టిన నియమం కాదు. 1998 జాతీయ జల చట్టం ప్రకారం మా దేశంలో కొత్త టౌన్‌షిప్ ప్లాను మీద ఈ గీత చూపించాల్సిందే. 2002లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి మహానగర మున్సిపాలిటీకి ఒక విపత్తు కేంద్రం, ఒక ప్రణాళిక ఉండాలి. డర్బన్‌లో మనవాళ్ళు ఈ చట్టాల కన్నా ముందే ఏటిని చూశారు. 1917 అక్టోబరులో ఉమ్గేని నది పొంగి, స్ప్రింగ్‌ఫీల్డ్ పల్లంలో కూరగాయలు పండించుకునే భారతీయ కుటుంబాలను ముంచేసింది. 'పదవతాన్ సిక్స్' అని ఇప్పటికీ చెప్పుకునే ఆరుగురు జాలర్లు పడవ వేసుకుని వెళ్ళి వంద మందికి పైగా కాపాడారు. 1976లో అదే పల్లంలో టిన్ టౌన్ రేకుల ఇళ్ళు మునిగాయి. అక్కడివాళ్ళను ఫీనిక్స్‌కి తరలించారు. ఇవన్నీ తెలిసి కూడా నేను ఇంజనీరుతో వాదించాను.

వంటిల్లు కట్టలేదు. కానీ ఇంకో పని చేశాం. ఆ సలహా నాదే. గీతకి వాగు వైపు ఇనప స్తంభాలు పాతి, పైన రేకులు వేసి, "ఇది కట్టడం కాదు, ఉత్త షెడ్డు" అన్నాం. గంగాళాలు, బియ్యం బస్తాలు, గ్యాసు సిలిండర్లు అన్నీ అందులోనే పెట్టుకున్నాం.

2022 ఏప్రిల్ 10, ఆదివారం, శ్రీరామనవమి. వాన పడుతూనే ఉంది. ఆ షెడ్డు కిందే పానకం, వడపప్పు పంచాం. భజన అయ్యేదాకా ఒక మూల చాపల మీద చిన్నపిల్లలు నిద్రపోయారు. సోమవారం రాత్రి వాన ఆగలేదు. కొన్ని చోట్ల ఒక్క రోజులో 300 మిల్లీమీటర్లు దాటింది. మా ప్రావిన్సులో 400 మందికి పైగా చనిపోయారు. మంగళవారం గుడికి వెళ్తే షెడ్డు లేదు. స్తంభాలు కూడా లేవు. బురద గుర్తు ఆ ఎర్ర గీత దాటి మెట్ల దాకా వచ్చింది.

ఆదివారం ఆ చాపల మీద పదకొండు మంది పిల్లలు. వాళ్ళ పేర్లు నేను ఇప్పటికీ రాత్రిళ్ళు లెక్కపెడుతుంటాను.

నీళ్ళు గీత ఎందుకు దాటాయి? వాన పెద్దది, నిజమే. కానీ పైన కొండ మీద ఇళ్ళు, తారు రోడ్లు పెరిగాయి. ఒకప్పుడు మట్టిలోకి ఇంకిన నీళ్ళు ఇప్పుడు నేరుగా వాగులోకి పరుగెడతాయి. మా గుడి కార్లు నిలిపే చోట పలకలు పరిచింది కూడా మేమే. కాబట్టి ఒకసారి గీసిన గీతని మళ్ళీ మళ్ళీ లెక్క కట్టి జరపాలి.

ఇంకో సంగతి. ఈ గీత ప్లాను పంపేవాళ్ళనే ఆపుతుంది. స్థలం లేనివాళ్ళు ఏటి ఒడ్డునే గుడిసె వేసుకుంటారు. ఇంకెక్కడ వేసుకుంటారు? పాల్మియెట్ నది ఒడ్డున క్వారీ రోడ్ వెస్ట్ బస్తీలో మున్సిపాలిటీ వాళ్ళు, యూనివర్సిటీ వాళ్ళు, బస్తీవాళ్ళు కలిసి వాట్సాప్‌లో హెచ్చరికలు పంపుకుంటారు. 2022లో చాలా గుడిసెలు కొట్టుకుపోయాయి, కానీ కబురు ముందే అందడం వల్ల మనుషులు బయటపడ్డారు. సిహ్లాంజిమ్వేలో అని ఇంకో పథకం ఉంది. జూలూలో 'ప్రకృతిని శుభ్రం చేస్తున్నాం' లాంటి అర్థం. వాగు పక్క ఉండే జనమే సహకార సంఘాలుగా చేరి, జీతం తీసుకుని, చెత్త తీస్తారు, పిచ్చి మొక్కలు కొడతారు. తూము దగ్గర ఒక పాత పరుపు అడ్డం పడితే చాలు, వీధంతా మునుగుతుంది. నాకు ఈ పని ఆ గీత కన్నా గొప్పగా కనిపిస్తుంది.

షెడ్డు మళ్ళీ వెయ్యలేదు. గంగాళాలు ఇప్పుడు మేడ మీద ఉన్నాయి, మోసుకు దిగలేక నా మోకాళ్ళు తిట్టుకుంటాయి. గుడి వెనక గోడ మీద, బురద గుర్తు ఉన్న ఎత్తులోనే, ఎర్ర రంగుతో గీత వేశాం. దాని పక్కన తెలుగు క్లాసు పిల్లలు 'ఏరొచ్చే గీత' అని రాశారు. రాస్తున్నప్పుడు ఒక పిల్ల "ఆంటీ, ఏ ర పెట్టాలి?" అని అడిగింది. నాకూ తెలియక ఇంటికొచ్చి నిఘంటువు చూశాను. పాత పుస్తకాల్లో ఏఱు అట, ఇప్పుడు ఏరు చాలునట. అలాగే ఉంచేశాం.