కోహ్కా: చెరువు గట్టు, సున్నపురాయి గని

కోహ్కాకు సముద్రం లేదు. భిలాయ్‌లో స్థిరపడ్డ శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాల పెద్దవాళ్లు ఇదొక లోటన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇసుక లేదు, అల లేదు, గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే తాబేలు లేదు. విశాఖ తీరం చూడాలంటే రైల్లో అయిదొందల యాభై కిలోమీటర్లకు పైగా పోవాలి. మా నాన్న అయితే ఉగాది నాడు కూడా ఆ మాటే ఎత్తేవాడు.

అయితే వాళ్లు కాపురం పెట్టింది సముద్రం అడుగునే. జామూల్ మీదుగా నందిని వైపు వెళ్లి, వదిలేసిన ఏ రాతి గుంత అంచునో నిలబడి చూస్తే గోడలో బూడిదరంగు సున్నపురాయి పొరలు పొరలుగా కనిపిస్తుంది. కొన్ని చోట్ల పొర తిన్నగా పోదు. క్యాబేజీని నిలువుగా కోసినట్టు గుండ్రటి మడతలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. వంద కోట్ల ఏళ్లకు ముందు, ఎండ అడుగుదాకా తగిలే లోతులేని సముద్రంలో నాచులాంటి సూక్ష్మజీవులు జిగురుపొరగా పెరుగుతూ, నీళ్లలోని సున్నాన్నీ మట్టినీ పట్టుకుంటూ, పొర మీద పొర కట్టుకుంటూ పోయిన గుర్తులవి. ఆ రోజుల్లో చేప లేదు, పీత లేదు, చెట్టూ లేదు. ఇప్పుడు అదే గోడ మీద, రాతికి పైనున్న రెండు మూడడుగుల మట్టిలో, పచ్చపిట్టలు బొరియలు తవ్వి పిల్లల్ని పెంచుతున్నాయి. నేను ఈ ప్రాంతం గురించి రాయడానికి కూర్చున్నది వాటికోసమే. ఉక్కు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఇనుప ఖనిజం దక్షిణాన దల్లీ-రాజ్‌హరా నుంచి, సున్నపురాయి ఉత్తరాన ఇరవై మూడు కిలోమీటర్ల దూరంలోని నందిని నుంచి వచ్చేది. కొలిమిలో సున్నం లేకపోతే పని జరగదు. ఖనిజంలోని ఇసుక పదార్థాన్ని సున్నం పట్టుకుని చిట్టెంగా కరిగి పైకి తేలితేనే అడుగున ఇనుము శుభ్రంగా మిగులుతుంది. ఆ చిట్టెం మళ్లీ జామూల్ సిమెంటు ఫ్యాక్టరీకి పనికొచ్చింది. పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి రాయ్‌పూర్ లైను పట్టుకుని వేలమంది వచ్చారు. ఖుర్సీపార్‌లో ఇప్పటికీ కిరాణా కొట్టు బేరాలు తెలుగులోనే నడుస్తాయి. సెక్టర్ 5లో బాలాజీ గుడి ఉంది. జీ.ఈ. రోడ్డుకు ఉత్తరాన, సుపేలా దాటాక ఉన్న కోహ్కా అప్పట్లో వరిపొలాల మధ్య ఒక పల్లె. ఇప్పుడు భిలాయ్ కార్పొరేషన్‌లో కలిసిపోయిన హౌసింగ్ కాలనీల పేట. పల్లెతనంలో మిగిలిందల్లా చెరువే.

ఛత్తీస్‌గఢీలో చెరువును తరియా అంటారు, దిగే మెట్లను పచరీ అంటారు. ఇక్కడి పల్లెకు ఒక చెరువు సరిపోదు. స్నానానికి ఒకటి, పశువులకు ఒకటి, దేవుడికి ఒకటి అన్నట్టు ఉంటాయి. మట్టినీ ఇలాగే పేర్లు పెట్టి విడదీసుకున్నారు: గుట్టమీది ఎర్రగరపనేల భాటా, దాని కింద పసుపుపచ్చటి మటాసి, ఇంకా దిగువన డోర్సా, అట్టడుగున నల్లటి కన్హార్. పిట్టల్ని చూసేవాడికి ఈ నాలుగు పేర్లు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. భాటా మీద తీతువు గుడ్లు పెడుతుంది. కన్హార్‌లో కొంగలు దిగుతాయి. మిగతావి నడుమ సర్దుకుంటాయి.

ఇక్కడ కాలం చూడటానికి క్యాలెండర్ కంటే మన కార్తెలు నయం. రోహిణిలో రోళ్లు పగులుతాయని మనం అంటాం. నందిని గుంతల దగ్గర మిట్టమధ్యాహ్నం తెల్లరాయి మీద పడి తిరిగొచ్చే వేడికి నిజంగా రోలైనా పగులుతుందనిపిస్తుంది. నలభై అయిదు డిగ్రీలు ఇక్కడ వింత కాదు. అప్పుడే ఆ పచ్చపిట్టలు హడావిడిగా ఉంటాయి. కరెంటు తీగ మీద కూర్చుని, ఎగిరే తేనెటీగను గాల్లోనే పట్టి, తిరిగొచ్చి తీగకేసి రెండు మూడుసార్లు కొట్టి, కొండి రాలిపోయేదాకా రాసి, అప్పుడు గానీ మింగవు. బొరియలో పిల్లలుంటే ముక్కుతో పట్టుకుని అలాగే గోడలోకి దూరిపోతాయి. జేసీబీ ఒక పూట పైమట్టి గోకిందంటే ఆ ఏటి కాపురాలన్నీ లారీ ఎక్కినట్టే.

మృగశిర చిటపటలతో చాతకం దిగుతుంది. నలుపు తెలుపు ఒళ్లు, తలమీద కుచ్చు. చాలామటుకు ఆఫ్రికా నుంచి అరేబియా సముద్రం దాటి నైరుతి గాలితో వచ్చే పిట్ట అది. వాన నీళ్లే తాగుతుందని మన కవులు చెప్పింది అబద్ధమే గానీ, వానను వెంటబెట్టుకొస్తుందన్నది మాత్రం నిజం.

తర్వాత ఆరుద్ర. ఆరుద్ర పురుగును తెలుగువాళ్లకు నేను పరిచయం చెయ్యనక్కర్లేదు. ఇక్కడ దాన్ని రానీ కీడా అంటారు. మొదటి పెద్దవాన పడి తెరిపిచ్చిన పొద్దున భాటా నేల మీద ఎర్రటి మఖ్మల్ చుక్కల్లా నడుస్తూ కనిపిస్తుంది. నేలలోంచి రెక్కల చెదలు లేచే సమయానికి వాటిని తినడానికి ఇది కూడా పైకొస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, కొద్దిరోజులు, అదీ పొద్దుటి కొన్ని గంటలే పైన తిరుగుతుంది. వేలు తగిలిస్తే కాళ్లు ముడుచుకుని ఎర్ర గుండీలా అయిపోతుంది. పిల్లలు అగ్గిపెట్టెల్లో దాచుకుంటారు, అంతవరకు ఫరవాలేదు. పెద్దవాళ్లు నూనె తీయడానికని, మందులకని కిలోల లెక్కన ఏరి అమ్మడమే నాకు నచ్చదు. ఆ రాత్రే చెరువు గట్టున కప్పలు మొదలుపెడతాయి. గోధుమరంగు మగ కప్ప ఒక్కసారిగా నిమ్మపండు రంగుకు మారి, దవడల కింద నీలిబుడగలు ఊదుకుంటూ అరుస్తుంది. కోహ్కా చెరువు వెనక వీధిలో టీవీ సీరియల్ వినపడక కిటికీలు మూసుకున్న ఇళ్లను నేను చూశాను.

వరినాట్ల వేళ వచ్చేది ఓపెన్‌బిల్ కొంగ. తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్కలు, ముక్కు మూసినా నడుమ సందు. ఆ సందులో నత్తను ఇరికించి పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. దగ్గరి నుంచి చూస్తే కథ వేరు. నత్తగుల్లను నేలకు అదిమిపట్టి, కింది ముక్కు కొనను నత్త మూత కిందికి దూర్చి, లోపలి కండరాన్ని తెంపి, గుల్ల చెక్కుచెదరకుండా మాంసాన్ని లాగేస్తుంది. ఖాళీ గుల్లలు గట్టున కుప్పలుగా పడి ఉంటాయి, ఒక్కటీ పగిలి ఉండదు. పిల్లకొంగ ముక్కులో ఆ సందే ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. గరియాబంద్ జిల్లా లచకేరా ఊళ్లో ఈ కొంగలు చింత, రావి చెట్ల మీద గూళ్లు కడితే ఊరివాళ్లు వానకు ముందొచ్చిన అతిథులుగా చూసుకుంటారు. మన ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలోనూ ఇదే కొంగ, ఇదే కాలం, ఇదే మర్యాద. అందుకే శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లకు భిలాయ్ పొలంలో దీన్ని చూపిస్తే ఎవరూ పేరు అడగరు, “మా ఊరి కొంగే గదా” అంటారు.

చెరువులో సింఘాడా తీగలు అల్లుకున్నాక వాటి ఆకుల మీద పొడుగు వేళ్ల పిట్ట నడుస్తుంది, జకానా. వానాకాలంలో దానికి కొడవలిలా వంగిన తోక పెరుగుతుంది. ఆడది గుడ్లు పెట్టి ఇంకో మగపిట్టను వెతుక్కుంటూ పోతుంది, పొదిగేదీ పిల్లల్ని తిప్పేదీ తండ్రే. తేలే ఆకుల మీదే గూడు గనక, సింఘాడా కోసే కేవట్‌లు పడవనో ట్యూబునో తోసుకుంటూ వచ్చినప్పుడు ఆ తండ్రి పడే హైరానా చూడాలి.

కార్తీకం నుంచి దృశ్యం మారుతుంది. మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి సూదితోక బాతులు, చిన్న బాతులు దిగుతాయి. టిబెట్, మంగోలియాల్లో పిల్లల్ని చేసే పట్టెతల బాతులు హిమాలయం మీదుగా దాటి పెద్ద జలాశయాలకు వస్తాయి. వీటికోసం బేమెతరా జిల్లా గిధ్వా-పరసదా చెరువులకు వెళ్లాలి. 2021లో ప్రభుత్వం అక్కడ పక్షుల పండుగ కూడా చేసింది. నందిని పాత గుంతల్లో నిండిన వాననీళ్ల మీద మాత్రం ఏడాది పొడుగునా ఉండే ఈలబాతులే రాజులు. అవి చీకటి పడేవేళ గుంపుగా లేచి ఈల వేసుకుంటూ వరిమడులకు పోతాయి. మాఘం దాటాక మోదుగలు ఎర్రబారితే గులాబీ గోరింకలు తిరుగుదారిలో ఆగుతాయి, ముక్కులకు పుప్పొడి పూసుకుని.

ఈ గుంతల మీద ఒక మాట చెప్పాలి. నందిని గని ఖాళీచేసిన నేలలో 880 ఎకరాల పైచిలుకు మొక్కలు నాటి, 2021లో దేశంలోనే పెద్ద మానవనిర్మిత అడవి అని ప్రకటించారు. నాటడం మంచిదే, మర్రి, రావి పెడితే ఇంకా మంచిది. నా మట్టుకు నాకు ఆ ప్రకటన కంటే, ఎవరూ పట్టించుకోని నీటి అంచులే విలువైనవిగా కనిపిస్తాయి. ఎక్కడ నీళ్లు పలచగా ఉండి బురద బయటపడుతుందో అక్కడే ఉల్లంకి పిట్టలు, జిట్టంగులు తిరుగుతాయి. ‘సుందరీకరణ’ పేరుతో చుట్టూ సిమెంటు గోడ కట్టి, టైల్స్ వేసి, ఫౌంటెన్ పెట్టిన చెరువులో ఆ అంచు ఉండదు. వాకింగ్ ట్రాక్ ఉంటుంది. కోహ్కా, జున్వానీ, కురూద్ వైపు ప్లాట్లు వేసిన చోట్ల ఇంకో పద్ధతి కనిపిస్తుంది: ముందు చెత్త పోస్తారు, తర్వాత మట్టి, ఆ తర్వాత గేటు. గని తవ్విన గొయ్యి పిట్టలకు చెరువైంది, పిట్టల చెరువేమో కాలనీ అయింది. ఈ రెండో లెక్కను ఎవరూ ప్రారంభోత్సవాల్లో చెప్పరు.

సేలూద్ వైపు ఫర్షీ రాయి తీసిన చిన్న గుంతలు ఇంకా చాలా ఉన్నాయి. మన బేతంచెర్ల బండల్లాంటిదే ఆ రాయి, ఇక్కడి ఇళ్ల నేలలన్నీ అవే. ఈ గుంతల్లో దిగకండి, అంచులు నిలువుగా ఉంటాయి, లోతు తెలియదు.

తిండి విషయానికొస్తే, బోరే బాసి అంటే మన చద్దన్నమే, పచ్చిఉల్లిపాయ, మిరపకాయతో. చీలా మన అట్టుకు చుట్టం. ఫరా బియ్యప్పిండి ముద్ద, ఆవిరి మీద ఉడికించి పోపు వేస్తారు. ఠేఠరీ మన జంతిక లాంటిదే గానీ కొంచెం గట్టి. గుళ్లు, బజారు సంగతి సెక్టర్లలో ఎవరినడిగినా చెబుతారు. 1972 నాటి మైత్రీబాగ్ జూలో తెల్లపులులున్నాయి, పిల్లలకు నచ్చుతుంది.

2024 సెప్టెంబరు నుంచి విశాఖ, దుర్గ్‌ల మధ్య వందే భారత్ నడుస్తోంది. పిట్టలకోసం వచ్చేవాళ్లకు డిసెంబరు, జనవరి సుఖం. ఆరుద్ర పురుగు కావాలంటే జూన్ ఆఖరున గొడుగుతో రండి. నడుస్తున్న గని లోపలికి అనుమతి లేనిదే పంపరు. రోడ్డు పక్కనున్న పాత గుంతలకు భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్ నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు, తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడుకోండి, అక్కడ దొరకవు.