పదేళ్ల పిల్లకు ఎంత పని?

బేతంచెర్లలో పొద్దున్నే నాపరాళ్ల గనులకో, పాలిష్ ఫ్యాక్టరీలకో పనికి పోయే ఇళ్లలో తాళంచెవి పెద్దపిల్ల దగ్గరే ఉంటుంది. చెల్లెలికి జడ వేయడం, తమ్ముడికి అన్నం పెట్టడం, కొళాయి వచ్చినప్పుడు బిందెలు నింపడం ఆమె పనులే. "మా పాప ఉందంటే నాకు దిగులు లేదు సార్, అన్నీ చూసుకుంటాది" అంటుంది తల్లి. ఆ గర్వం న్యాయమైనదే. కాకపోతే ఆ పిల్ల ఎంత మోయగలదో ఎవరూ ఆలోచించి చెప్పినవి కావు ఆ పనులు. ఒకటి చక్కగా చేసింది కాబట్టి ఇంకొకటి వచ్చి చేరింది.

పదీ పన్నెండేళ్ల పిల్లలకు పని చెప్పొద్దని నేననను. అంగడికి పంపిన పిల్లవాణ్ణి చూడండి. చిల్లర అరచేతిలో పరుచుకుని, పెదాలు కదుపుతూ రెండుసార్లు లెక్కపెడతాడు. తక్కువైతే గల్లాపెట్టె దాకా మళ్లీ పోయి "అన్నా, ఇంకో ఇరవై ఇయ్యాల" అంటాడు. పెద్దవాళ్లతో మర్యాదగా, గట్టిగా మాట్లాడడం వాడికి అక్కడే వచ్చింది.

పని అప్పగించేముందు "చేయగలడా?" అని అందరం అడుగుతాం. "పొరపాటైతే దిద్దుకోగలమా?" అని కూడా అడగాలి. కూరలో ఉప్పు ఎక్కువైతే సర్దుకోవచ్చు. ఇరవై రూపాయలు పోతే మరుసటి రోజు మరిచిపోవచ్చు. కానీ రాయి తీసి వదిలేసిన గుంతల్లో వానకు నీళ్లు నిలుస్తాయి. అంచులు గోడల్లా నిలువుగా ఉంటాయి, జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అలాంటి చోట "తమ్ముణ్ణి చూసుకో" అని పదేళ్ల పిల్లకు చెప్పి పోవడమంటే ఒక ప్రాణాన్ని ఆమె చేతిలో పెట్టడమే. ఎంత తెలివైన పిల్లకైనా అది తగని బరువు.

చట్టం కొన్ని హద్దులు గీసింది. గనుల్లో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను పనికి పెట్టకూడదు. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. ప్రమాదం లేని ఇంటి వృత్తిలో బడి అయ్యాకో, సెలవుల్లోనో సాయం చేయడానికి మాత్రం వీలుంచారు. గడప లోపల ఎంత పనో తేల్చాల్సింది మాత్రం మనమే. చదువుకూ, ఆటకూ, నిద్రకూ వేళ మిగలకపోతే అది ఎక్కువైనట్టే.

పిల్లను కూడా అడగాలి. పిల్లల మాటకు వాళ్ల వయసునూ పరిణతినీ బట్టి విలువివ్వాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక చెబుతోంది. "ఇది నాతో కాదమ్మా" అంటే తిట్లు పడవన్న నమ్మకం ఉంటేనే ఆమె నిజం చెబుతుంది. పనిమంతురాలైన ఆడపిల్ల ఆ మాట అనడం మరీ అరుదు. అందుకే ఆమెకు పని పెరుగుతూ పోతుంది, పక్కనే ఉన్న తమ్ముడికి బిందె ఎత్తడం కూడా రాదు.

ఏటా జూన్‌లో బడి తెరిచేటప్పుడు పుస్తకాలతో పాటు ఈ లెక్క కూడా చూసుకోవాలి. ఏ పని పిల్లదో, ఏది తమ్ముడికి పంచాలో, దేన్ని పెద్దవాళ్లు వెనక్కి తీసుకోవాలో తేల్చాలి. కష్టమొస్తే పరుగెత్తిపోవడానికి పక్కింటి అవ్వనో, పిన్నినో ముందే మాట్లాడి పెట్టాలి. వెనక ఒక పెద్దదిక్కు ఉందన్న ధైర్యం ఉన్న పిల్లకే బాధ్యత మేలు చేస్తుంది.