చిక్కుపడని దారము

కొన్ని సంవత్సరముల క్రిందట మేము తరగతిలో పండ్ల యీగను గూర్చి బోధించుచు, దాని నాలుగు జతల క్రోమోజోములను, 1910లో మోర్గన్ పండితుడు ప్రకటించిన తెల్లకన్నుల యీగను వర్ణించి, జన్యువులు దారమున గ్రుచ్చిన పూసలవంటివని చెప్పితిమి. వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "అయ్యా, అంత దారము చిక్కుపడదా?" యని యడిగెను. మాకు బదులు తోచలేదు. పాఠమున కడ్డు రావలదని కసరి కూర్చుండబెట్టితిమి.

ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు. ఈగ కణమొక్కదానిలోని డి.ఎన్.ఏ.ను సాగదీసినచో సుమారు 12 సెంటీమీటర్లు, అనగా అరజానెడుండును. అది కంటికానని కేంద్రకములో నిముడవలెను. తరువాత చదివి తెలిసికొన్నదేమనగా, ఆ దారమును మలచి యుంచు ప్రోటీనులు గలవు. సి.టి.సి.ఎఫ్. వంటివి డి.ఎన్.ఏ.పై దమకు దగిన యక్షరవరుసను వెదకి పట్టుకొనును. సి.పి.190 యనునది వానిని పట్టుకొనును. అంతేకాక, దాని మొదటి కొస తనవంటి మరియొకదాని కొసతో జతగూడును, ఇరువురు చేతులు కలుపుకొన్నట్లు. ఇట్లు దారముపై దూరదూరముననున్న తావులు చేరువ కాగలవు.

దాని పేరొక చిత్రము. కణవిభజనవేళ సెంట్రోసోమునొద్ద గనబడుటచే వచ్చిన పేరది. కాని 2004లో వెలువడిన పరిశోధనలో, అది లేని యీగలయందు కణములు చక్కగనే విభజనమొందెను; ఈగలు మాత్రము బ్రతుకజాలకపోయెను.

మొన్న నా పాఠము మరల వచ్చినప్పుడు, ఆ ప్రశ్నను మేమే తరగతి నడిగితిమి. మొదట నడిగిన బాలుని సంగతియు, మేము కసరిన సంగతియు దాచలేదు.