పట్టా రోజున వినవలసిన మాట

స్నాతకోత్సవంలో దాదాపు అన్నీ ముందే స్థిరపడి ఉంటాయి. గౌనుల రంగులు, ఊరేగింపులో ఎవరి వెనుక ఎవరు నడవాలన్న వరుస, ఉత్సవం మొదలైనట్టు కులపతి చేసే ప్రకటన, పట్టాలిచ్చేటప్పుడు పలికే మాటలు, చివర జాతీయగీతం, ఇవేవీ ఏటేటా మారవు. మారేది స్నాతకోపన్యాసం ఒక్కటే. ఆ రోజు విశ్వవిద్యాలయం తన బుద్ధితో, తన ఇష్టంతో ఎంచుకోగలిగింది ఆ మాట్లాడే మనిషిని మాత్రమే. ఏళ్ళ తరబడి చదువు చెప్పి ఇక సాగనంపుతున్న పిల్లలకు కడసారి ఎవరి మాట వినిపించాలి అన్న ప్రశ్నకు ఆ ఎంపికే జవాబు. కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఇంత ముఖ్యమైన ఎంపిక తరచుగా ఒకే పద్ధతిలో సాగిపోతోంది: పేరున్నవారిని వెతకడం, వారి హోదాలూ పురస్కారాలూ ఆహ్వానపత్రం మీద అచ్చువేయడం, పైకి ఎలా వచ్చారో చెప్పమని కోరడం. నేననేది ఏమిటంటే, ఒక వృత్తిలో గట్టి పని చేసినవారిని పిలవాలి. పిలిచి, వారి విజయం గురించి కాక వారి పని గురించి మాట్లాడమనాలి. ఈ రెంటికీ మధ్య తేడా పైకి కనిపించేకంటే చాలా పెద్దది.

ఆ తేడా ఎలాంటిదో తెలియాలంటే 1974లో అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో రిచర్డ్ ఫైన్‌మన్ చేసిన ప్రసంగాన్ని చూడాలి. అప్పటికి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చి తొమ్మిదేళ్ళయింది. తన ఎదుగుదల చెప్పుకొని కూర్చున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన మాత్రం శాస్త్రవేత్తలు తమను తాము ఎలా మోసపుచ్చుకుంటారో చెప్పారు. నూనె చుక్కల ప్రయోగంతో ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచిన రాబర్ట్ మిల్లికన్‌ను ఉదాహరణగా తీసుకున్నారు. గాలి స్నిగ్ధతకు వాడిన అంకె సరిగా లేకపోవడం వల్ల మిల్లికన్‌కు వచ్చిన విలువ కాస్త తక్కువైంది. ఆ తర్వాత కొలిచినవారి విలువలు ఒక్కసారిగా సరైన చోటికి రాలేదు. ఒకరి తర్వాత ఒకరుగా, కొంచెం కొంచెంగా పైకి జరిగాయి. కారణం, మిల్లికన్ అంకెకు మరీ దూరంగా ఏదైనా వస్తే తమ ప్రయోగంలోనే తప్పుందనుకొని కారణాలు వెతికారు; దగ్గరగా వస్తే అంతగా వెతకలేదు. ఈ మాట చెప్పింది ఎక్కడో కాదు, ఇరవై ఏళ్ళకు పైగా మిల్లికన్ సారథ్యం వహించిన కాల్‌టెక్‌లోనే. తన సిద్ధాంతాన్ని దెబ్బతీయగల వివరాలను కూడా శాస్త్రవేత్త దాచకుండా ముందుపెట్టాలన్నది ఫైన్‌మన్ చెప్పిన ధర్మం. యాభై ఏళ్ళు గడిచినా పరిశోధనలో నిజాయితీ గురించి మాట్లాడేవారు ఈనాటికీ ఆ ప్రసంగాన్నే తలుచుకుంటారు. నిజాయితీగా ఉండండి అని చెప్పేవారు ఎందరో ఉంటారు. నిజాయితీ ఏ క్షణంలో, ఏ అంకె దగ్గర జారిపోతుందో ఆ పని చేసినవారు మాత్రమే చూపించగలరు.

బోస్టన్ శస్త్రవైద్యుడు అతుల్ గవాండే 2012లో విలియమ్స్ కాలేజీలో చేసిన ప్రసంగానిదీ ఇదే బాట. శస్త్రచికిత్స తర్వాత మరణాలు తక్కువగా ఉండే ఆస్పత్రుల్లో రోగులకు చిక్కులు తక్కువగా వస్తాయని మనం అనుకుంటాం. పరిశోధకులు చూస్తే చిక్కులు రెండుచోట్లా ఇంచుమించు సమానంగానే వస్తున్నాయి. మంచి ఆస్పత్రులు వచ్చిన చిక్కును తొందరగా పసిగట్టి రోగిని దక్కించుకుంటున్నాయి. ఈ సంగతిని ఆయన వైద్యవిద్యార్థులకు కాదు, రకరకాల చదువులు పూర్తిచేసిన పిల్లలకు చెప్పారు. ఓడిపోవడానికి భయపడకండి అన్న సలహా చెవిన పడి వెళ్ళిపోతుంది. ఓటమి మొదలవుతున్నప్పుడు దాన్ని ఒప్పుకోవడం ఎంత కష్టమో, ఒప్పుకోకపోతే ఎవరి ప్రాణం పోతుందో ఒక వైద్యుడు చెప్తే అది మనసులో నాటుకుంటుంది.

వృత్తి విషయాలు మాట్లాడితే సభలో సగం మందికి విసుగు పుడుతుంది, తల్లిదండ్రులూ ఉంటారు, అందరికీ పనికొచ్చే జీవితపాఠాలే చెప్పాలి అని కొందరంటారు. వారు చూపే ఉదాహరణ 2005 జూన్ 12న స్టాన్‌ఫోర్డ్‌లో స్టీవ్ జాబ్స్ చెప్పిన మూడు కథలు. ఆ ప్రసంగం కోట్లమందిని కదిలించిన మాట నిజం. దాని బలం ఎక్కడుందో కాస్త నిదానంగా చూద్దాం. నచ్చిందే చేయండి, మనసు మాట వినండి అన్న సలహాలు అంతకుముందూ చాలామంది చెప్పారు. ఆ ప్రసంగంలో ఆయన తప్ప మరొకరు చెప్పలేని భాగం ఏదంటే, రీడ్ కాలేజీలో అందమైన అక్షరాల రచన నేర్చుకోవడం, పదేళ్ళ తర్వాత మాకింటాష్ తయారుచేసేటప్పుడు ఆ విద్య తెర మీది అక్షరాల్లోకి రావడం. అది పని గురించిన మాట. చదువు మధ్యలో మానేసిన భాగం మాత్రం విజయం సాధించాక వెనక్కి తిరిగి చెప్పుకున్న కథ. అదే దారిలో నడిచి ఎక్కడికీ చేరనివారిని ఏ విశ్వవిద్యాలయమూ వేదిక ఎక్కించదు కనుక, గెలిచినవారి కథలనే వింటూ పెరిగిన పిల్లలకు ఆ దారిలో ఎందరు దెబ్బతిన్నారో తెలిసే వీలుండదు. విజయగాథను నమూనాగా పెట్టడంలో ఉన్న అసలు ప్రమాదం ఇది.

పదవిలో ఉన్న పెద్దలను పిలవకూడదని నా ఉద్దేశం కాదు. 1947 జూన్ 5న హార్వర్డ్ ఉత్సవంలో అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ పది పన్నెండు నిమిషాలే మాట్లాడారు. యుద్ధంతో చితికిపోయిన యూరప్‌లో పట్నాలకూ పల్లెలకూ మధ్య సరుకుల మార్పిడి ఎలా తెగిపోయిందో, రైతు పండించినది ఎందుకు అమ్మడం లేదో వివరించారు. తర్వాత నాలుగేళ్ళలో పశ్చిమ యూరప్ దేశాలకు అందిన దాదాపు 1,300 కోట్ల డాలర్ల సాయానికి బీజం ఆ ప్రసంగమే. 1963 జూన్ 10న వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో అమెరికా అధ్యక్షుడు కెనడీ అణుపరీక్షల నిషేధం మీద మాస్కోలో చర్చలు జరగబోతున్నాయని ప్రకటించారు; ఆగస్టు 5న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వారికి అధికారం ఉంది కాబట్టే ఆ మాటలకు విలువ వచ్చిందని ఎవరైనా అనవచ్చు. అంతటి అధికారం ఉన్నవారే ఎన్నో స్నాతకోత్సవాల్లో మాట్లాడారు, అవి వారితోనే పోయాయి. ఈ రెండూ మిగలడానికి కారణం, ఆ ఇద్దరూ తమ బల్ల మీద ఇంకా తేలకుండా ఉన్న సమస్యను తెచ్చి కొత్త పట్టభద్రుల ముందు పెట్టడం. ఎదురుగా కూర్చున్నవారిని దీవెనలు అందుకునే పిల్లలుగా కాక, ఆలోచించగల పౌరులుగా చూడడం.

పేరును బట్టి వెతకడంలో మరో నష్టం ఉంది. పేరు మార్కెట్లో ధర పలుకుతుంది. 2015లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయం స్నాతకోపన్యాసానికి నటుడు మాథ్యూ మెకానహేకు 1,35,000 డాలర్లు చెల్లించింది. ఆయన ఆ సొమ్మును సేవాకార్యక్రమాలకు ఇచ్చేశారు కాబట్టి ఆయనను తప్పుపట్టను. నా బాధ పేరుకూ పనికీ ఉన్న దూరం గురించి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1930లో హార్వర్డ్ నుంచి డాక్టరేటు పొంది, 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ ఆమ్లం పనిని అడ్డుకునే మందులను తయారుచేసి ఇస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిని రక్తకేన్సర్ ఉన్న పసిపిల్లలకు వాడి, కొద్దికాలమైనా వ్యాధిని వెనక్కి తగ్గించగలమని 1948లో లోకానికి చూపారు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే; కేన్సర్‌కూ కీళ్ళవాతానికీ ఇప్పటికీ వాడుతున్నారు. బోదకాలు నివారణకు మన ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన నాయకత్వంలో వెలువడినదే. 1948లో ఆయన కన్నుమూసేనాటికి సామాన్య జనంలో ఆయన పేరు తెలిసినవారు బహు తక్కువ. ఈ రోజు అలాంటి మనిషి మన మధ్య ఉంటే, ప్రసిద్ధుల జాబితా ముందుపెట్టుకొని కూర్చున్న ఏ సంఘమూ ఆయనను కనిపెట్టలేదు.

వివాదం వస్తుందన్న భయం కూడా ఎంపికను చప్పగా మారుస్తోంది. అమెరికాలో 2014 ఈ విషయంలో గుర్తుండిపోయే ఏడాది. ఇరాక్ యుద్ధంలో పాత్రను ఎత్తిచూపి విద్యార్థులూ అధ్యాపకులూ నిరసన తెలపడంతో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ రట్గర్స్ ఆహ్వానాన్ని వదులుకున్నారు. అప్పటి అంతర్జాతీయ ద్రవ్యనిధి అధిపతి క్రిస్టీన్ లగార్డ్ స్మిత్ కాలేజీకి రానన్నారు. బర్కిలీ మాజీ ఛాన్సలర్ రాబర్ట్ బిర్జెనో హేవర్‌ఫర్డ్ నుంచి తప్పుకుంటే, అక్కడి వేదిక మీదే ప్రిన్స్‌టన్ మాజీ అధ్యక్షుడు విలియం బోవెన్ నిరసన తెలిపిన విద్యార్థుల తీరును నేరుగా తప్పుపట్టారు. నా దృష్టిలో విద్యార్థుల అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. గౌరవ డాక్టరేటు ఇచ్చి, ప్రశ్నలడిగే వీలులేని సభలో మాట్లాడించడం తరగతిలో జరిగే చర్చ వంటిది కాదు, అది సత్కారం. సత్కారం ఎవరికి అన్నది అడిగే హక్కు ఆ సభలో కూర్చునేవారికి ఉంది. అయితే దానికి మందు ఎవరినీ నొప్పించని వక్తను వెతకడం మాత్రం కాదు. 1978 జూన్ 8న హార్వర్డ్‌లో రష్యన్ రచయిత సోల్జెనిత్సిన్ తనకు నీడనిచ్చిన పాశ్చాత్య సమాజాన్నే ఘాటుగా విమర్శించారు. చాలామందికి కోపం వచ్చింది. ఆ ప్రసంగం ఇప్పటికీ చదవదగ్గదిగా నిలిచింది. హోదాను సత్కరిస్తే నిరసన హోదా మీదికి వస్తుంది. పనిని వివరించమంటే ఆ పనిలోని తప్పొప్పులూ చర్చకు వస్తాయి. మన తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో చదువు ముగించిన శిష్యుణ్ణి సాగనంపే గురువు, తమ నడవడిలో మంచిదాన్నే తీసుకోవాలనీ తక్కినది వద్దనీ చెప్తాడు. అంటే తమలో విడువదగినదీ ఉందని ముందుగానే ఒప్పుకుంటున్నాడు. స్నాతకోపన్యాసానికి ఇంతకంటే మంచి ప్రమాణం నాకు తెలియదు.

మన తెలుగు నేల మీద ఇలాంటి మాట చెప్పగలవారికి కొదవ లేదు. ఈ దేశంలో లక్షల ఇళ్ళలో వండుకునే సాంబా మసూరి బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204. తూర్పు రాష్ట్రాల పొలాలను ఏలిన స్వర్ణ రకం మారుటేరులో పుట్టింది. అందరూ మెచ్చిన సాంబా మసూరికి బాక్టీరియా ఎండు తెగులును తట్టుకునే శక్తి లేకపోయింది. అన్నం రుచీ గింజ సన్నదనమూ చెడకుండా తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి చేర్చడానికి హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ రకం 2008లో విడుదలైంది. బాగా పేరొచ్చిన రకంలోని లోపాన్ని ఎలా ఒప్పుకున్నారు, ఎన్ని తరాల మొక్కలను వడపోశారు, రైతు దాన్ని వాడతాడా లేదా అన్న దిగులు ఎలా ఉండేది అని వ్యవసాయ పట్టభద్రులకు ఆ బృందంలో ఒకరు చెప్తే, ఆ అరగంట వారికి ఉద్యోగమంతా తోడుంటుంది. వైద్య విశ్వవిద్యాలయానికి ఏజెన్సీ ప్రాంతంలో ఏళ్ళుగా ప్రసవాలు చేసిన వైద్యురాలు, ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయానికి కట్టిన కాలువ చివరి భూములకు నీరెందుకు చేరడం లేదో తెలిసిన జలవనరుల ఇంజనీరు అంతే తగినవారు. వారిలో తెలుగులోనే తేటగా చెప్పగలవారుంటే తెలుగులోనే చెప్పనివ్వాలి. 1937లో కలకత్తా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో రవీంద్రనాథ్ ఠాగూర్ మొదటిసారిగా బెంగాలీలో ప్రసంగించారు. సోల్జెనిత్సిన్ హార్వర్డ్‌లో మాట్లాడింది రష్యన్‌లోనే, అనువాదకుడి సాయంతో.

పెద్ద పేరుంటేనే సభ నిండుతుంది, పత్రికల్లో వార్త వస్తుంది, దాతలు ముందుకొస్తారు అన్న వాదన మిగిలింది. దాతల సంగతి కాదనను. 2019 మేలో మోర్‌హౌస్ కాలేజీలో పెట్టుబడిదారు రాబర్ట్ స్మిత్ ఆ ఏటి పట్టభద్రులందరి చదువు అప్పులూ తీరుస్తానని వేదిక మీదే ప్రకటించి సుమారు నాలుగు వందల కుటుంబాల బరువు దించారు. అలాంటి చెయ్యి ఎక్కడున్నా దండం పెట్టవలసిందే. అయితే విరాళాన్ని ఏ రోజైనా అందుకోవచ్చు. పట్టా తీసుకునే రోజు ఒక్కటే. సభ నిండడానికి పట్టా అందుకునే పిల్లలూ, వారిని చూడడానికి ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మానాన్నలూ చాలు. వాళ్ళు వక్త కోసం రాలేదు.

ఉపకులపతులకూ పాలకమండళ్ళకూ నా విన్నపం. వక్తను ఎంచుకునే సంఘంలో ఆ ఏడు పట్టా తీసుకోబోయే విద్యార్థులకు రెండు చోట్లు ఇవ్వండి. పేర్ల జాబితాతో కాక, ఈ తరం తెలుసుకోవలసిన పని ఏది అన్న ప్రశ్నతో సమావేశం మొదలుపెట్టండి. ఒప్పుకున్న వక్తకు రాసే ఉత్తరంలో, మీ వృత్తిలో ఇంకా తేలని ఒక సమస్య గురించీ మీరు చేసి దిద్దుకున్న ఒక పొరపాటు గురించీ మాట్లాడమని అడగండి. ఆహ్వానపత్రం మీద వారి పురస్కారాల కింద, ఏ పని చేసినందుకు పిలిచామో ఒక వాక్యం అచ్చువేయండి. ఆ వాక్యం రాయడానికి ఏమీ దొరకకపోతే మరొకరిని పిలవండి.