షెడ్డులో కారితే మంచిదే



మొన్నామధ్య మా 9వ తరగతిలో ఒక అబ్బాయి స్లిప్ టెస్ట్ పేపరు మీద వాళ్ల నాన్నగారి సంతకం తానే పెట్టుకొచ్చాడు. 25కి 9 మార్కులు. పట్టుకున్నందుకు గర్వపడాలో, వాడిని అంత భయపెట్టినందుకు సిగ్గుపడాలో నాకు తెలియలేదు. ఎందుకంటే ఆ మార్కులు క్లాసులో పైకి చదివింది నేనే.

ఆ రాత్రి కొల్లిపరలో మా ఇంట్లో అల్మరా సర్దుతుంటే, మా తమ్ముడు దాచుకున్న అల్యూమినియం దిమ్మ ఒకటి కనిపించింది. అది బ్రేక్ కాలిపర్. వాడు మెకానికల్ ఇంజినీరింగ్ చదివేటప్పుడు స్నేహితులతో కలిసి పోటీ కోసం చిన్న రేసు కారు తయారుచేశాడు. బ్రేకుల బాధ్యత వాడిది. బయట దొరికేవి బరువని, కాలిపర్లు సొంతంగా డిజైన్ చేసుకున్నారు.

మీ బైకు ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ ఉంటే, ఆ డిస్కును రెండు వైపులా పట్టుకుని ఉండేదే కాలిపర్. లివర్ నొక్కితే బ్రేక్ ఆయిల్ లోపలి పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది. వదిలితే, పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీల్ దాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. సీల్ కూర్చునే గాడి కొలత కాస్త తప్పినా బ్రేక్ పట్టేస్తుంది, లేదా ఆయిల్ కారుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ వేడికి ఆయిల్ మరిగి బుడగలొస్తే, పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు.

అందుకే కారుకు బిగించే ముందు షెడ్డులో టెస్ట్ చేశారు. నేనూ చూడ్డానికి వెళ్లాను. చేతి పంపుతో 100 బార్ల పీడనం ఎక్కించాలి. కారు టైరులో ఉండేది సుమారు 2 బార్లే. మీటరు ముల్లు 60 దాటగానే ఒక పక్క నుంచి ఆయిల్ చుక్క జారింది. నెలల కష్టం పోయిందని నాకు ఏడుపొచ్చింది. వాడు మాత్రం కారిన చోట మార్కర్‌తో గుండ్రంగా గీసి, "ఇక్కడే కారింది కదక్కా, బతికిపోయాం" అన్నాడు. గాడి కొలత మార్చి మళ్లీ చేయించారు. మూడో కాలిపర్ నిలబడింది.

పోటీ కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేలో. మారుతీ ఇంజిన్లతో రేసు కార్లు తయారుచేసిన, అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ పేరు పెట్టిన ట్రాక్ అది. అక్కడ బ్రేక్ టెస్ట్ ఉంటుంది. వేగంగా వచ్చి బ్రేక్ తొక్కితే నాలుగు చక్రాలూ బిగుసుకుని, కారు తిన్నగా ఆగాలి. మా వాళ్లకు మొదటిసారి మూడు చక్రాలే బిగుసుకున్నాయి. ముందు వెనుక బ్రేకుల బలం సరిచేసుకుని మళ్లీ వెళ్లి పాసయ్యారు. ఆ టెస్టుకు మార్కులు లేవు. ఎన్నోసారి పాసయ్యారని ఎవరూ అడగలేదు. పాసైతేనే ట్రాక్ మీదికి పంపుతారు, అంతే.

స్లిప్ టెస్ట్ కూడా ఆ షెడ్డు లాంటిదేనని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. అక్కడ కారకపోతే పదో తరగతి పబ్లిక్ పరీక్షలో కారుతుంది. ఇప్పుడు మార్కులు పైకి చదవడం మానేశాను. తప్పు జరిగిన చోట పిల్లలే సున్నా చుట్టి, ఎందుకు తప్పిందో పక్కన ఒక్క వాక్యం రాస్తున్నారు. ఆ అబ్బాయి, "యూనిట్లు మార్చడం నాకు రాదు మేడమ్" అని రాశాడు. రెండు రోజుల్లో నేర్చుకున్నాడు.

మీ దగ్గర నాదొక్కటే కోరిక. ఈసారి పేపరు ఇంటికొచ్చినప్పుడు "ఎన్ని వచ్చాయి?" అనే ముందు "ఎక్కడ తప్పింది నాన్నా?" అని అడగండి. సంతకం ఆ తర్వాత పెట్టండి.

ఆయిల్ కారిన ఆ కాలిపర్ ఇప్పుడు మా సైన్స్ ల్యాబ్‌లో ఉంది. పీటీఎంకు వచ్చినప్పుడు చూడండి. మార్కర్ గీత ఇంకా చెరగలేదు.