అంబరియా స్టేషన్‌లో ఆవిరి ఇంజన్

మదీనా మునవ్వరాలోని అంబరియా రైల్వే స్టేషన్ ఇప్పుడొక ప్రదర్శనశాల. అక్కడ పాత ఆవిరి ఇంజన్ పట్టాలపై నిలిచి ఉంది. తుప్పు గీకి, రంగు పూసి దానిని భద్రపరిచారు.

ఈ హిజాజ్ రైలు మార్గాన్ని ఉస్మానియా సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ 1900లో ప్రకటించారు. దమస్కస్ నుండి సుమారు 1,300 కిలోమీటర్లు దాటి, 1908లో బండి మదీనా చేరింది. ఒంటెలపై దాదాపు నలభై దినాలు పట్టే ప్రయాణం కొద్ది దినాలకు తగ్గింది. విదేశీ అప్పు జోలికి పోకుండా ప్రభుత్వ ధనానికి తోడు ముస్లిముల విరాళాలు, ఖుర్బానీ తోళ్ళ సొమ్ము పోగుచేశారు. హిందూస్తాన్ నుండి, మన హైదరాబాద్ నుండి కూడా చందాలు వెళ్ళాయి. అంటే ఆ పట్టాలలో మన పెద్దల పైసలు కూడా కొన్ని ఉన్నాయి! మొదటి ప్రపంచ యుద్ధంలో మార్గం పేలుళ్ళకు గురైంది; ఆ తరువాత కొద్ది ఏళ్ళకే మదీనాకు బండ్లు ఆగిపోయాయి.

అయితే రంగు పూయడం వేరు, నడిపించడం వేరు. నడవాలంటే బాయిలర్ గొట్టాలు ఆవిరి ఒత్తిడికి తట్టుకోవాలి. జోర్దాన్ రాజధాని అమ్మాన్‌లో ఇదే మార్గంపై ఆవిరి ఇంజన్లు అప్పుడప్పుడు నడుస్తూ వచ్చాయి. పట్టాల వెడల్పు 1,050 మిల్లీమీటర్లు. లోకంలో అరుదైన కొలత. అటువంటి పాత ఇంజన్‌కు విడిభాగాలు బజారులో దొరకవు, కార్ఖానాలో చేయించుకోవలసిందే. బండి కదలడానికి గంటల ముందే నిప్పు రాజేయాలి. నా దృష్టిలో పునరుద్ధరణ అంటే అదే. ఇనుముతోపాటు పనితనమూ అక్కడ నిలిచింది.

ఉమ్రాకు వెళ్ళేవారు పిల్లలను అంబరియాకు తీసుకువెళ్ళండి. ఇంజన్‌ను చూపి, చందాల సంగతి చెప్పండి. స్టేషన్ పక్కనే ఉస్మానియా కాలపు మస్జిద్ కూడా ఉంది.